న్యాక్ గ్రేడు గేటు మింద, తాళం లైబ్రరీకి

ఇంటర్ ఫలితాలు వచ్చినాయంటే చాలు, మా తోటపల్లి గూడూరు సెంటర్‌లో కాలేజీల ఫ్లెక్సీలు లేస్తాయి. ఒకదాని మింద 'న్యాక్ ఏ గ్రేడు', ఇంకోదాని మింద 'ఏ ప్లస్'. మొన్న కోడూరు నుంచి వచ్చిన ఒకాయన, రొయ్యల గుంటలు చూసుకునే మనిషి, నన్ను నిలబెట్టి అడిగినాడు: "అన్నా, నువ్వు కాలేజీలో పన్జేసినోడివి గదా, ఈ 'ఏ' అంటే ఏంది? పాపని ఆడ చేర్పించొచ్చా?"

నేను కొన్నేళ్లు ఒక డిగ్రీ కాలేజీ లైబ్రరీలో పనిచేసినా. న్యాక్ వాళ్లు వచ్చినప్పుడు ఫైళ్లు మోసినోణ్ణి. రోడ్డు మింద నిలబడి ఆయనకి చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తా ఉండా.

మార్కులు యాడ ఉండాయి?

న్యాక్ అంటే కాలేజీల, యూనివర్సిటీల నాణ్యతని లెక్కగట్టే సంస్థ. 1994లో యూజీసీ పెట్టింది, ఆఫీసు బెంగుళూరులో. యూజీసీ 2012 నిబంధనల ప్రకారం రెండు బ్యాచులు చదువు ముగించుకోని పోయినా, పెట్టి ఆరేళ్లు నిండినా, ఏది ముందైతే అప్పుడు కాలేజీ ఈ పరీక్షకి కూర్చోవాల్సిందే. 2017లో మార్చిన పద్ధతిలో ఏడు అంశాలు, 1000 మార్కులు. చివరికి 4 పాయింట్లకి లెక్క తేలుస్తారు. 3.51 నుంచి పైకి ఏ ప్లస్ ప్లస్, 3.01 నుంచి 3.25 దాకా ఏ, 2.01 నుంచి 2.50 దాకా బీ. 1.50 దాటకపోతే గుర్తింపే లేదు. వచ్చిన గ్రేడు ఐదేళ్లు చెల్లుతుంది.

అనుబంధ డిగ్రీ కాలేజీకి ఈ 1000లో బోధనకి 350, వసతులకి 100. ఆ వందలో గదులు, ల్యాబులకి 30. లైబ్రరీకి 20. కంప్యూటర్లు, ఇంటర్నెట్‌కి 30. ఉన్నవాటిని చెడిపోకుండా చూసుకునేదానికి 20. డబ్బు ఎట్టా తెస్తా ఉండారు, ఎట్టా వాడతా ఉండారు అనేదానికి పాలన కింద ఇంకో 20.

అడిగే ప్రశ్నలు మంచివే. ఐదేళ్లలో మరమ్మతులకి ఏటేటా ఎంత పెట్టినారు? పుస్తకాలకి ఎంత? లైబ్రరీకి రోజుకి ఎంతమంది వస్తా ఉండారు? కాలేజీ రాసిచ్చిన లెక్కల్ని ముందు కాగితాల మింద సరిచూసేవాళ్లు, తర్వాత కమిటీ వచ్చి రెండు మూడు రోజులు ఉండేది. తంటా అంతా జవాబుల్లోనే.

మేం నింపిన రిజిస్టర్

రోజుకి ఎంతమంది లైబ్రరీకి వచ్చినారో చూపించాల. మా రిజిస్టర్‌లో సగం పేజీలు ఖాళీ. రెండు సాయంత్రాలు కూర్చోని మేమే నింపినాం. ఒకే చేతిరాత కనపడకుండా మూడు రంగుల పెన్నులు తెచ్చుకున్నాం. నేనూ సంతకాలు పెట్టినా. గ్రేడు వచ్చిన రోజు మైసూర్‌పాక్ పంచినారు, నేనూ తిన్నా.

అసలు పిల్లకాయలు ఎందుకు రాలేదు? పుస్తకాలు లేక కాదు, బీరువాల నిండా ఉండాయి. లైబ్రరీ పదికి తీస్తాం, అప్పటికి క్లాసులు మొదలు. మధ్యాన్నం అన్నం వేళకి మూస్తాం, వాళ్లకి ఖాళీ దొరికేది అప్పుడే. సాయంత్రం క్లాసు వదలంగానే పల్లెల పిల్లకాయలు బస్సుకి పరిగెత్తాల, అది పోతే ఇంకోటి ఎప్పుడో. పొద్దన్నే ఎనిమిదిన్నరకి తీసి, అన్నం వేళ ఒక మనిషిని కూర్చోబెడితే చాలు, రూపాయి ఖర్చు లేదు. ఆ మాటే పెద్దలతో అన్నా. "న్యాక్ అయిపోయింది గదయ్యా" అన్నారు.

ఆయన భాషలోనే చెప్తా. గుంటకి ఏరియేటర్లు ఎన్ని ఉండాయని కాదు, రేత్రి పూట గాలి తగ్గినప్పుడు అవి తిరిగినాయా లేదా అనేదే రొయ్యని బతికిస్తుంది. కొన్న బిల్లు చూపిస్తే రొయ్య బతకదు. కాలేజీ ఆస్తి కూడా అంతే. అందులోనూ మాది సముద్రం పక్క, ఉప్పుగాలికి ఇనుము నిలవదు. ల్యాబులో కొత్త కంప్యూటర్లు పెట్టడం ఒక రోజు పని. వాటిని ఐదేళ్లు నడపడమే అసలు పని. నన్నడిగితే ఆ పనికి 20 మార్కులు తక్కువ.

గ్రేడుకి ఎందుకింత పోటీ?

గ్రేడు వెనకాల అడ్మిషన్లు ఉండాయి, నిధులు ఉండాయి. రూసా నిధులకి న్యాక్ గుర్తింపు అడిగేవాళ్లు. చేతిలో డబ్బు లేని పల్లె కాలేజీకి వసతులు తక్కువ కాబట్టి మార్కు తక్కువ, మార్కు తక్కువ కాబట్టి నిధులు తక్కువ. ఉన్నోళ్ల వైపు చూస్తే ఇంకో కథ. 2025 ఫిబ్రవరి 1న మన రాష్ట్రంలోనే, వడ్డేశ్వరం కేఎల్ఈఎఫ్‌కి ఏ ప్లస్ ప్లస్ కోసం లంచాలిచ్చినారనే కేసులో సీబీఐ 10 మందిని అరెస్టు చేసింది. అందులో న్యాక్ తనిఖీ కమిటీ ఛైర్మన్, సభ్యులు ఉండారు, సంస్థ పెద్దలు ఉండారు. 37 లక్షల నగదు, లాప్‌టాప్‌లు పట్టుకున్నామని సీబీఐ చెప్పింది. అది ఆరోపణ, తేల్చాల్సింది కోర్టు. అయినా ఫ్లెక్సీ మింది అక్షరాన్ని కళ్లు మూసుకోని నమ్మే రోజులు పోయినాయి.

గ్రేడులు తీసేసి 'గుర్తింపు ఉంది, లేదు' అని రెండే మాటలు పెడతామని న్యాక్ 2024 జనవరిలో ప్రకటించింది. అక్షరాల పోటీ తగ్గితే మంచిదే. రిజిస్టర్ నింపే చెయ్యి మారకపోతే మాత్రం పద్ధతి మారి లాభం లేదు.

చేర్చే ముందు చూడండి

కాలేజీ న్యాక్‌కి రాసిచ్చిన స్వీయ నివేదిక దాని వెబ్‌సైట్‌లో పెట్టాల. చదివిన పిల్లకాయల చేత తీయించండి.

ఒకటి, గ్రేడు ఏ సంవత్సరంలో వచ్చింది, ఐదేళ్లు దాటిపోయిందా?

రెండు, మరమ్మతుల ఖర్చు ఏటేటా సమంగా ఉందా? నాలుగేళ్లు రవ్వంత పెట్టి ఐదో ఏడు అమాంతం పెరిగిందంటే, అది పిల్లకాయల కోసం కాదు, కమిటీ కోసం.

మూడు, కంప్యూటర్లు ఎన్ని ఉండాయని కాదు, ఎన్ని పనిచేస్తా ఉండాయి? ఆడ చదివే పిల్లకాయల్నే అడగండి.

నాలుగు, లైబ్రరీ ఎన్నింటికి తీస్తారు, మన బస్సు ఎన్నింటికి?

కోడూరాయనకి ఈ నాలుగో ప్రశ్న ఒక్కటే చెప్పి పంపించినా. ఆ రిజిస్టర్‌లో నేను పెట్టిన దొంగ సంతకాల్లో ఒక్కటన్నా ఆయన పాప నిజంగా పెట్టే రోజు వస్తే, నా బరువు రవ్వంత దిగుతుంది.