చెరువు కట్ట నుంచి ప్రజావేదిక దాకా

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే అనంతపురం సీమలో ఊరుమ్మడి పని అంటే ముందు నీటి పనే. చెరువు కట్ట, తూము, మరవ, కొండవాలున కందకం, చేలో పంట కుంట, బాట పక్కన నాటిన మొక్క. ఈ సీమలోని యాడికి మండలంలో ఏ పల్లెకు వెళ్లినా అభివృద్ధి లెక్క వీటి చుట్టే తిరుగుతుంది. ఈ పనులకు డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చరిత్ర పుస్తకాలు చెబుతాయి. పని సరిగా జరిగిందా అని అడిగే హక్కు ఎవరిదన్న ప్రశ్న మాత్రం వాటిలో అంతగా కనిపించదు. ఆరున్నర శతాబ్దాలను తిరగేస్తే, ఆ హక్కు ఊరి చేతిలోంచి కచేరీకి పోయి, చాలా ఆలస్యంగా, సగమే తిరిగి వచ్చిందని తెలుస్తుంది.

విజయనగర కాలంతో మొదలుపెడదాం. అనంతసాగరం, బుక్కరాయసముద్రం చెరువులు 1364లో, మొదటి బుక్కరాయల మంత్రి చిక్కవొడయరు హయాంలో వచ్చినవి. మరో అయిదేళ్లకు, 1369లో, నేటి కడప జిల్లా పోరుమామిళ్లలో చెరువు వెలసింది. వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు రెండేళ్లు పనిచేశాయని అక్కడి శాసనం చెబుతుంది. అంతకంటే విలువైన సంగతి మరొకటి ఆ రాతి మీద ఉంది. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, చెరువుకు రాకూడని ఆరు దోషాలు అందులో చెక్కించారు. కొలబద్ద ఊరందరి ఎదుటే ఉండేదన్నమాట.

నిర్వహణకు దశబంధ ఇనాం అనే ఏర్పాటు ఉండేది. చెరువు తవ్వించినవారికో బాగుచేయించినవారికో భూమిని ఇనాంగా ఇచ్చి, దాన్ని కాపాడే పూచీని ఆ భూమికే ముడిపెట్టారు. నీటి పంపకం నీరుగంటి అనే ఊరి పనివాడిది. అది సమసమాజమేమీ కాదు. ఆయకట్టు లేనివాడికి, అంటరానివాడన్న ముద్ర పడినవాడికి కట్ట మీద మాట లేదు. అయినా పూచీ ఎవరిదో ఊరికి తెలుసు. కట్టకు గండి పడితే అడగాల్సిన మనిషి కళ్లెదుటే ఉండేవాడు.

1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. తొలి కలెక్టరు థామస్ మన్రో ఇక్కడి చెరువులు చూసి, కొత్త చెరువుకు అనువైన చోటల్లా జనం ఇదివరకే వాడేసుకున్నారని రాశాడు. ఊరి తెలివిని గుర్తించిన ఆ పాలనే లెక్కల పుస్తకాన్ని మాత్రం తన దగ్గరే పెట్టుకుంది. 1876–78 కరువులో దాని ఫలితం తేలిపోయింది. కరువు పనులకు వచ్చిన జనం తవ్వారు, మోశారు. కొలిచింది ఓవర్సీయరు, కూలి నిర్ణయించింది సర్కారు. 1877లో కరువు పనుల పర్యవేక్షణకు వచ్చిన రిచర్డ్ టెంపుల్ మగవాడి రోజు కూలిని ఒక పౌండు ధాన్యానికి, ఒక్క అణాకు కుదించాడు. మట్టి మోసినవాడికి కొలత పుస్తకం చూసే వీలే లేదు.

1882లో బళ్లారి నుంచి అనంతపురం జిల్లా విడివడింది. స్థానిక స్వపరిపాలనపై వైస్రాయి లార్డ్ రిప్పన్ తీర్మానం వచ్చిందీ ఆ ఏడాదే. 1884 మద్రాసు లోకల్ బోర్డుల చట్టంతో తాలూకా బోర్డులు పుట్టాయి. నాడు తాడిపత్రి తాలూకాలో ఉన్న యాడికి లాంటి పెద్ద ఊళ్లకు రోడ్లు, బావులు, దీపాల గురించి మాట్లాడే వేదిక దొరికింది. కానీ తనిఖీ వోచర్లకే పరిమితమైంది. కాగితంలో ఉన్న బావి నేల మీద ఉందో లేదో చూడటం లోకల్ ఫండ్ ఆడిట్ పని కాదు.

స్వాతంత్ర్యం తర్వాత 1959 అక్టోబరు 11న షాద్‌నగర్‌లో ప్రధాని నెహ్రూ ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీరాజ్‌ను ప్రారంభించారు. ఆ వ్యవస్థలోని సమితులు తర్వాత పోయి మండలాలు వచ్చాయి, యాడికి మండల కేంద్రమైంది. 73వ రాజ్యాంగ సవరణ తర్వాత 1994లో వచ్చిన రాష్ట్ర చట్టం, పంచాయతీ జమాఖర్చులను, ఆడిట్ నివేదికను గ్రామసభ ముందు పెట్టాలంది. 1995లో హనుమంతరావు కమిటీ మార్గదర్శకాలతో వాటర్‌షెడ్ కమిటీలు, 1997లో జన్మభూమి, 2000లో నీరు-మీరు కార్యక్రమాలు వచ్చాయి. పనులు వెల్లువెత్తాయి, కమిటీల పేర్లూ పెరిగాయి. చాలాచోట్ల పని చేయించినవారే సభ నడిపారు, వారే సంతకాలు పెట్టించారు.

అసలు మలుపు 2006 ఫిబ్రవరి 2న వచ్చింది. ఈ జిల్లాలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ చట్టం 17వ సెక్షన్ సామాజిక తనిఖీ బాధ్యతను గ్రామసభకు అప్పగించింది. అంతకు పన్నెండేళ్ల ముందు రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ కూలీల హాజరు పట్టీలైన మస్టర్లను బహిరంగంగా చదివి వినిపించిన జనసున్వాయిలే (ప్రజా విచారణలే) దీనికి మూలం. మన రాష్ట్రం ఆ ఉద్యమ పద్ధతిని ప్రభుత్వ వ్యవస్థగా మార్చింది. 2006లోనే అనంతపురం జిల్లాలో పెద్ద ఎత్తున తనిఖీ జరిగింది. 2009లో పని చేయించే శాఖకు వేరుగా సామాజిక తనిఖీ సొసైటీ ఏర్పడింది.

సామాజిక తనిఖీ పద్ధతి సాదాసీదా. కూలీల ఇళ్లలోని చదువుకున్న పిల్లలకు శిక్షణ ఇస్తారు. వాళ్లు మస్టరు పట్టుకుని ఇంటింటికీ తిరిగి, ఎన్ని రోజులు పనికి పోయారో, పాసుపుస్తకంలో ఎంత పడిందో అడుగుతారు. టేపు పట్టుకుని కుంట పొడవు, లోతు కొలిచి కొలతల పుస్తకం ఎం.బుక్కుతో సరిచూస్తారు. మొక్కల పనైతే బిల్లు ఎన్నింటికి చేశారో, ఎన్ని బతికున్నాయో లెక్కపెడతారు. ఆ తర్వాత గ్రామసభ, చివరికి మండల కేంద్రంలో ప్రజావేదిక అనే బహిరంగ విచారణ. 1877లో కొలత పుస్తకం చూడలేకపోయిన కూలీల తర్వాతి తరాలవారు ఫీల్డ్ అసిస్టెంటును, టెక్నికల్ అసిస్టెంటును మైకులో ప్రశ్నించారు. రాయలసీమ పల్లెల్లో ఇది చిన్న మార్పు కాదు.

కానీ ఆ మార్పు అక్కడే సగంలో ఆగిపోయింది. 2006–2010 మధ్య రాష్ట్రంలోని 300 పంచాయతీల తనిఖీ నివేదికలను పరిశోధకులు ఫర్జానా అఫ్రిది, వేగార్డ్ ఐవర్సెన్ పరిశీలించారు. తనిఖీలు జరిగేకొద్దీ అక్రమాల సంఖ్య తగ్గలేదని, సామగ్రి వైపు అక్రమాలు పెరిగాయని తేల్చారు. కూలీ తన కూలిని లెక్కపెట్టుకోగలడు. సిమెంటు, కంకర బిల్లులను పట్టుకోవడం అంత సులువు కాదు. బయటపడ్డ అక్రమాల్లో కఠిన చర్య దాకా పోయినవి బహు కొద్ది. దొంగను చూపించే హక్కు ఊరికి దక్కింది కానీ సొమ్ము కక్కించే అధికారం కచేరీలోనే ఉండిపోయింది. 2012లో రాష్ట్రం ఈ లోటు పూడ్చడానికి ప్రత్యేక చట్టం చేసింది. చట్టం ఉన్నంత మాత్రాన రికవరీ జరగదు.

2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిపి ఉపాధి పనులకు తీర్మానాలు చేశారు. మంచిదే. అయితే రాబోయే పనులకు చేతులెత్తడం తేలిక, అయిపోయిన పనికి లెక్క అడగడమే కష్టం. యాడికి మండలంలో గ్రామసభకు వెళ్లే ప్రతి ఒక్కరికీ ఒక్క మాట. కొత్త పనుల జాబితా చదవకముందే, కిందటి తనిఖీలో తేలిన సొమ్ము ఎంత, వసూలైంది ఎంత, నాటిన మొక్కల్లో బతికినవెన్ని అని అడగండి. జవాబును తీర్మానాల పుస్తకంలో రాయించండి. అది రాసేదాకా కింద సంతకం పెట్టకండి.