ఎర్రగుట్ట మీది ఇరం

అమీర్‌పేటలో మెట్రో రైలెక్కితే పంజగుట్ట తరువాత వచ్చే స్టేషను పేరు ఇర్రంమంజిల్. 2018లో ఈ మార్గం మొదలైనప్పటి నుండి రోజూ వేలమంది చెవిని పడుతున్న పేరిది. ఆ పేరుగల భవనాన్ని చూచినవారు మాత్రం తక్కువ. తెలుగు చెప్పుకొని బ్రతికినవాణ్ణి గనుక నన్ను అక్కడికి లాగినది భవనం కాదు, దాని పేరే.

ఆ మిట్టను పూర్వం జనం ఎర్రగుట్ట అనేవారట. నిజాం కొలువులో పేరుపొందిన నవాబు ఫక్రుల్ ముల్క్ 19వ శతాబ్దంలో దానిపై మహలు కట్టించి 'ఇరం మంజిల్' అని పేరు పెట్టాడు. పారసీక కవులకు ఇరం అంటే నందనవనం. తెలుగువారి 'ఎర్ర'కు పారసీకుల 'ఇరం'ను జోడించిన ఆ శ్లేష ఏ అవధాన సభలోనైనా చప్పట్లు కొట్టించగలదు.

మహలు కూడా పేరుకు తగినదే. ఐరోపా బరోక్ శైలిలో గచ్చుతో తీర్చిన అలంకరణలు, 150కి పైగా గదులు, ఫ్రెంచి తరహా సామాను, పోలో మైదానం, గోల్ఫ్ మైదానం, గుర్రపుశాలలు! ఒకనాడు రాజవిందులకు నెలవైన ఈ మహలులోకి స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వ కార్యాలయాలు వచ్చాయి. విందుల చోట దస్త్రాలు పేరుకున్నాయి.

అయితే ఇరం అన్న మాటకు మరొక కథ ఉన్నది. ఖురానులో అది ఉన్నత స్తంభాలుగల ఆద్ జాతివారి నగరం; దైవాగ్రహానికి గురియై నశించినది. షద్దాద్ అనే రాజు స్వర్గానికి పోటీగా ఇరం వనాన్ని నిర్మించి, అందులో అడుగు పెట్టకుండానే మరణించాడని ఐతిహ్యం. పేరు పెట్టినప్పుడు నవాబుగారి మనసులో ఈ రెండవ అర్థం మెదిలిందో లేదో!

2019లో అది నిజమయ్యేదే. ఆ జూన్ 27న ఇక్కడ కొత్త శాసనసభా భవనానికి శంకుస్థాపన జరిగింది. పాత మహలు కూల్చివేత తప్పదనుకున్నారు. నగరవాసులు, చరిత్రాభిమానులు న్యాయస్థానం తలుపు తట్టారు. వారసత్వ కట్టడాల రక్షణకున్న నిబంధనలను విస్మరించారంటూ సెప్టెంబరు 16న హైకోర్టు మంత్రివర్గ నిర్ణయాన్ని కొట్టివేసింది. మహలు బ్రతికింది.

కాని కూల్చకపోవడమూ కాపాడడమూ ఒకటి కావు. మొన్న ఒక ఉదయం వెళ్ళి వెలుపలి నుండి చూచి వచ్చాను. పెచ్చులూడిన గోడల్లో మొక్కలు వేళ్ళు దింపుతున్నాయి. పాతబస్తీలోని చౌమహల్లా గుర్తుకొచ్చింది. అదీ ఒకప్పుడు పాడుపడినదే. యువరాణి ఎస్రా పూనికతో మరమ్మతులు జరిగి, 2010లో యునెస్కో పురస్కారం అందుకొన్నది. నేడక్కడ పాత ఛాయాచిత్రాలు, దుస్తులు, వాహనాలు చూడడానికి పిల్లలు బారులు తీరుతారు. ఈ మహలులోనూ చిత్రకారులు తమ పటాలను వ్రేలాడదీయగలిగితే, ఆ పేరుతో వెలసిన స్టేషనులో దిగి రెండడుగులు వేసి చూడనివారుంటారా?

శ్లేషకు రెండర్థాలూ సజీవంగా ఉండాలి. గుట్ట ఎరుపు ఇప్పటికే కట్టడాల క్రింద కనుమరుగైంది. ఇరం కూడా పోతే మిగిలేది స్టేషను పలక మీది ఒట్టి పేరు. అప్పుడు పిల్లవాడెవడైనా "ఇర్రం అంటే ఏమిటి మాస్టారూ?" అని అడిగితే, ఏ అర్థం చెప్పమంటారు?