చూరు నీరు – ఉమ్మడి గోడ

తొలకరి చినుకు పడగానే ఊరంతయు సంతోషించును. కాని రెండిండ్లు ఒకే గోడ నానుకొని యున్నచోట, ఇంటివారు ముందుగా పైకప్పు వంక చూతురు. గోడ వెంబడి నల్లని చార యొకటి క్రిందికి దిగుట మొదలిడెనా, ఇక గిన్నెలు, బిందెలు వెదకుకొనవలసినదే. ఆ కారు నీరు మన కప్పుదా, పొరుగువారి కప్పుదా? బాగుచేయించు ఖర్చు ఎవరిది? మన పనివాడు పొరుగింటి కప్పు నెక్కవచ్చునా? చూచుటకివి చిన్న ప్రశ్నలు. కాని వీనికి సమాధానము వెదకుచు మానవులు రెండువేల యేండ్లకు పైగా కట్టుబాట్లు వ్రాసికొనుచునే యున్నారు. ఆ చరిత్రలో కొంత భాగమును ఈ పూట శ్రోతలకు విన్నవింపదలచినాము.

మన దేశమున ఈ విషయము ఎంత పాతదో తెలిసికొనుటకు కౌటిల్యుని అర్థశాస్త్రమును చూచిన చాలును. మైసూరు పండితులు శామశాస్త్రిగారు 1909లో దీనిని అచ్చువేయించిన తరువాత లోకమునకది సుపరిచితమైనది. రాజ్యతంత్రమును, దుర్గములను, సైన్యములను గూర్చి చెప్పిన ఆ గ్రంథము మూడవ అధికరణమున ఇంటి చూరు దగ్గరకు కూడ దిగివచ్చినది. ఇరుగుపొరుగు ఇండ్ల నడుమ కొంత జాగా విడువవలెనని అందు విధించిరి. రెండు కప్పుల అంచుల నడుమ నాలుగు వ్రేళ్ళ వెడల్పు ఎడముండవలెను, లేదా ఒకటి రెండవదానిపైకి ఎక్కి యుండవలెను. వాన వలన బాధ కలుగకుండ తగిన మరుగు ఏర్పరుపవలెనని, అట్లు చేయనివాడు దండనకు పాత్రుడని కూడ చెప్పిరి. అంతేకాదు, గృహస్థులు తమలో తాము కూడబలుకుకొని ఇష్టమువచ్చినట్లు కట్టుకొనవచ్చునని, కీడు కలిగించుదానిని మాత్రము నివారించుకొనవలెనని ఆ శాస్త్రము సెలవిచ్చినది.

నాలుగు వ్రేళ్ళ ఎడమో, ఒకదానిపై ఒకటి ఎక్కుటయో అను ఈ నియమములో గొప్ప అనుభవము దాగియున్నదని మా తలంపు. రెండు కప్పులు విడిగానున్నచో ఎవరి నీరు వారి నేలపై పడును. ఒకటి మరొకదానిపైకి ఎక్కియున్నచో పై కప్పు నీరు క్రింది కప్పు మీదుగా జారిపోవును. తాకీ తాకకుండ నున్నచోటనే నీరు సందులో దూరి గోడను పట్టుకొనును. తాపీపని తెలిసిన ఏ మేస్త్రి నడిగినను నేటికిని ఇదియే చెప్పును.

పడమటి దేశములలో రోము నగరము వారికి కూడ ఈ చిక్కు తప్పలేదు. క్రీస్తుకు పూర్వము సుమారు 450లో వారు పన్నెండు పలకలపై వ్రాసికొన్న శాసనములలో ప్రతి యింటి చుట్టును రెండున్నర అడుగుల జాగా విడువవలెనని యుండెడిది. జనము పెరిగి, ఇండ్లు క్రిక్కిరిసి, గోడలు ఉమ్మడియైన పిదప ఈ నియమమొక్కటియే చాలలేదు. అప్పుడు చూరు నీటికే ప్రత్యేకమైన హక్కు ఏర్పడినది. నా చూరు నీరు నీ జాగాలో పడవచ్చునను హక్కు, నా దూలము కొన నీ గోడలో దూర్చవచ్చునను హక్కు, నా కట్టడపు బరువును నీ గోడ మోయవలెనను హక్కు వేరువేరుగా నిర్ణయించిరి. సాధారణముగా ఇట్టి హక్కులకు లోబడినవాడు ఊరకుండి సహించిన చాలును. కాని బరువు మోయు గోడ విషయమున మాత్రము, దానిని మంచి స్థితిలో ఉంచు బాధ్యత గోడ యజమానిదే యనిరి. క్రీ. శ. 533లో జస్టీనియన్ చక్రవర్తి ప్రకటింపజేసిన ధర్మసంగ్రహములో ఈ చర్చలన్నియు చేరినవి.

లండను నగరమునకు ఈ పాఠము నిప్పు నేర్పినది. 1666 సెప్టెంబరులో చెలరేగిన మహాగ్నిలో సుమారు పదమూడువేల ఇండ్లు కాలిపోయినవి. ఇండ్లలో అనేకము కొయ్యతో కట్టినవి, ఒకదానినొకటి ఆనుకొన్నవి. మరుసటి యేడు, 1667లో, చేసిన చట్టము వెలిగోడలను ఇటుకతో గాని రాతితో గాని కట్టవలెనని ఆజ్ఞాపించి, రెండిండ్ల నడిమి ఉమ్మడి గోడకు కూడ నియమములు ఏర్పరచినది. అచ్చటి నుండి పెరుగుచు వచ్చిన ఆ ధర్మము 1996లో ఇంగ్లండు, వేల్సు దేశములంతటికిని వర్తించు ఉమ్మడి గోడల చట్టమైనది. గోడపై చేయి వేయుటకు ముందు పొరుగువానికి వ్రాతపూర్వకముగా తెలియజేయుట దాని సారాంశము.

మన వైపు 1882లో వచ్చిన ఈజుమెంటుల చట్టము ఈ వ్యవహారమునకు ఆధారము. మొదట అది అమలులోనికి వచ్చిన ప్రాంతములలో మద్రాసు రాజధాని యొకటి. కనుక కోస్తా జిల్లాలకు, రాయలసీమకు నాటినుండియే దీనితో పరిచయము. బహిరంగముగా, శాంతముగా, హక్కుగా, ఎడతెగక ఇరువదియేండ్లు అనుభవించిన వెలుగు, గాలి, నీటి దారి మొదలగునవి హక్కులుగా స్థిరపడునని ఆ చట్టము చెప్పును. అట్టి హక్కు గలవాడు దానిని నిలుపుకొనుటకు అవసరమైన మరమ్మతులు చేసికొనవచ్చును. కాని ఎదుటివానికి వీలైనంత తక్కువ ఇబ్బంది కలుగునట్లు చేయవలెను, కలిగిన నష్టమును సాధ్యమైనంత వరకు సరిదిద్దవలెను. మరమ్మతు ఖర్చు హక్కు అనుభవించువానిదే. ఉమ్మడి ఆస్తి పంచుకొన్నప్పుడు, ఒకరి వాటా అనుభవమునకు రెండవ వాటాపై తప్పనిసరియైన హక్కు పంపకముతోనే సంక్రమించునని కూడ అందున్నది. ఈ చివరి మాట మన మండువా లోగిళ్ళకు సరిగా అతుకును.

మా చిన్ననాట మా వీధిలో అట్టి లోగిలి యొకటి యుండెడిది. అన్నదమ్ములిద్దరు దానిని పంచుకొని నడుమ మట్టిగోడ పెట్టుకొనిరి. నేలను కొలిచిరి, దూలములు లెక్కించిరి, చెట్లను సైతము పంచుకొనిరి. రెండు కప్పుల వాలులు కలియు పల్లములో నీరు పోవుటకు పూర్వులు వేసిన తాటిదోనె మాట మాత్రము ఎవరికిని తోచలేదు. కొన్నాళ్ళకు తమ్ముడు తన వైపు గూన పెంకులు తీయించి మంగుళూరు పెంకులు వేయించెను. 1865లో బాసెలు మిషనువారు మంగుళూరులో కార్ఖానా పెట్టినది మొదలు ఆ పెంకులు దక్షిణదేశమంతట వ్యాపించినవి. కుమ్మరి సారెమీద గొట్టముగా చేసి రెండుగా చీల్చిన మన గూన పెంకులను వెల్లకిల ఒక వరుస, బోర్ల ఒక వరుస పేర్చుదురు. మంగుళూరు పెంకులో, గాళ్ళతో ఒకదానినొకటి పట్టుకొని పలుచగా కూర్చుండును. రెండింటి మందము వేరు, వాలు వేరు. కలిసినచోట అన్నగారి కప్పు ఎత్తయినది, తమ్ముని కప్పు పల్లమైనది, నడుమ దోనె పగిలినది.

ఆ వానకారున అన్నగారి ధాన్యపు గాదె తడిసి గింజలు మొలకెత్తినవి. తప్పు తమ్ముని పెంకులదని అన్న, పుచ్చిన దోనెదని తమ్ముడు. ఎవరి వైపు వారు సున్నము మెత్తించుకొనిరి. నీరు రెండవ వైపు తిరిగెను. మూడవ యేట ఉమ్మడి గోడ నాని, అందు దూర్చిన దూలము కొన పుచ్చిపోయినది. మాటలు అప్పటికే నిలిచిపోయినవి. పిల్లలు కూడ ఒకరి గడప ఒకరు తొక్కుట మానిరి.

చివరకు ముసలి తాపీమేస్త్రి యొకడు నిచ్చెన వేసికొని పైకెక్కి, అన్నదమ్ములిద్దరిని క్రింద చెరియొక గదిలో నిలువుమనెను. దోనె ఎగువ కొనను చెంబెడు నీళ్ళు పోసెను. నీరు పోసిన చోటెక్కడ, కారిన చోటెక్కడ! వాసము వెంబడి మూరెడు దూరము నడిచి, నీరు ఇద్దరి గదులలోను ఒకేమారు బొట్లుబొట్లుగా రాలినది. "బాబూ, నీరు వాటాలెరుగదు. ఇటు అరచేతి మందము, అటు అరచేతి మందము మెత్తిన ప్రయోజనము లేదు. రెండు ప్రక్కల పెంకులు తీసి ఒకే రేకు వేయవలెను," అని వాడు పైనుండియే కేకవేసెను.

అట్లే రెండు ప్రక్కల మూడేసి వరుసల పెంకులు దింపించిరి. పుచ్చిన దోనె తీసి, వెడల్పైన జింకు రేకును పల్లముగా వంచి పరచి, దాని అంచులు ఇరువైపుల పెంకుల క్రిందికి జానెడు పోవునట్లు అమర్చిరి. రేకుపై రేకు అతికినచోట ఎగువది పైకి, దిగువది క్రిందికి ఉండునట్లు చూచిరి. వీధివైపు నీరు పడుటకు వాలు సరిచేసిరి. ఖర్చు చెరిసగము. ఏటేట తొలకరికి ముందు దోనెలోని ఆకు, చెత్త తీయించుట ఒక యేడు అన్న వంతు, ఒక యేడు తమ్ముని వంతు అని కాగితము వ్రాసికొనిరి. పంపకపు దస్తావేజులో లేని ఆ ఒక్క షరతు, మూడేండ్ల వైరమునకు వెల.

ఇప్పుడు పట్టణములలో కాంక్రీటు మిద్దెలు, అంతస్తుల మీద అంతస్తులు. అయినను రెండు కట్టడములు కలియు చోట పగులు వచ్చుట మానలేదు. పై యింటి స్నానపు గది నీరు క్రింది యింటి కప్పున దిగుటయు మానలేదు. దోనె పోయి తారు పూత వచ్చినను వివాదము పాతదే. ఒకవైపు నుండి మాత్రమే పూసిన పూత మరుసటి వానకు నిలువదు.

కౌటిల్యుడు గృహస్థులను కూడబలుకుకొనుమన్నాడు. రోమువారు హక్కుకు హద్దు గీచిరి. 1882 నాటి చట్టము మరమ్మతుకు దారి చూపినది. ఇన్ని శాసనములు కలిసి చెప్పిన మాటనే ఆ మేస్త్రి చెంబెడు నీళ్ళతో చూపించినాడు. ఈ వానకారు ముదిరి, గోడపై చార కనబడినచో, శ్రోతలు ముందుగా పొరుగువారి తలుపు తట్టుదురుగాక. నిచ్చెన ఆ తరువాత వేసికొనవచ్చును.