కోణపు గోడలు – ముఖపటాలు

కట్టడం ముందునుంచి ఎలా కనిపిస్తుందో చూపే పటాన్ని మన మేస్త్రీలు ఎలివేషన్ అంటారు. గోడ వీధికి సమాంతరంగా ఉన్నంతవరకు అందులో చిక్కు లేదు. గోడ కోణంగా తిరిగినప్పుడు మాత్రం పటంలో దాని వెడల్పు తగ్గిపోతుంది. ఇస్లామీయ వాస్తుకళకు ఇది పాత సమస్యే. మసీదు దిశను నిర్ణయించేది వీధి కాదు, కఅబా.

ఆకివీడునే తీసుకుందాం. భూగోళపు లెక్క ప్రకారం ఇక్కడ ఖిబ్లా పడమర నుంచి ఉత్తరానికి సుమారు 14 డిగ్రీలు జరిగి ఉంటుంది. ఉత్తర దక్షిణాలుగా సాగే వీధిలో ఆ లెక్కకు సరిగ్గా మసీదు కడితే, 40 అడుగుల ముందుగోడ వీధివైపు పటంలో 38 అడుగుల 10 అంగుళాలుగానే కనిపిస్తుంది. ఆ పటాన్ని నమ్మి కమానులు కొలిచే మేస్త్రీకి 14 అంగుళాలు తేడా వస్తుంది.

దీనికి పద్ధతి ఉంది. ప్లానులోని ప్రతి మూలనుంచి వీధిగీతకు లంబం దించాలి. ఎత్తులు మారవు, వెడల్పులే మారతాయి. ఆ తరువాత గోడకు సమాంతరంగా మరో గీత గీసి, దాని మీద గోడ అసలు ముఖాన్ని వేరుగా గీయాలి. మొదటి పటం చూపు కోసం, రెండవది పని కోసం.

గోల్కొండలో 1550లో మరణించిన జంషీద్ కులీ కుతుబ్ షా సమాధి ఇందుకు మంచి ఉదాహరణ. అది అష్టభుజి. ఎదురుగా నిలిచి గీస్తే మధ్య ముఖం ఒక్కటే నిజమైన కొలతతో వస్తుంది. ఇరుపక్కల 45 డిగ్రీలు తిరిగిన ముఖాల్లో ప్రతి 10 అడుగులూ సుమారు 7 అడుగులుగా కుదించుకుపోతాయి. మరమ్మతుకు రాయి చెక్కేవాడు ఆ పక్కముఖాలనుంచి కొలత తీసుకుంటే రాయి అతకదు.

పనివారికీ గణితజ్ఞులకూ మధ్య ఉన్న ఈ దూరాన్ని బగ్దాదులో అబుల్ వఫా అల్ బూజ్‌జానీ (940–998) గుర్తించాడు. పనివాడికి అవసరమైన జ్యామితి గురించి ఆయన అరబీలో ప్రత్యేకంగా ఒక గ్రంథం రాశాడు. కంటికి సరిగా కనిపించినంత మాత్రాన ఆకృతి సరైనది కాదనీ, నిరూపణ తెలిసిన పండితుడికి చేతిపనిలోని ఇబ్బంది తెలియకపోవచ్చుననీ అందులో వివరించాడు. ఆయన వాడిన ‘సానిఅ్’ అనే మాటకు మన ‘మేస్త్రీ’ దగ్గరగా సరిపోతుంది.

చరిత్రకారునికి ఇందులో మరో సంగతి ఉంది. దూరాన ఉన్నవారికి కఅబా ఉన్న దిక్కు చాలునన్నది హనఫీ న్యాయశాస్త్రపు అభిప్రాయం. మన దేశంలో అనేక పాత మసీదులు నేరుగా పడమరకే ఉన్నాయి. కొన్ని మాత్రం కోణంగా తిరిగి ఉంటాయి. ఆ కోణం కట్టినవారు దిక్కును ఎలా లెక్కించారో తెలిపే సాక్ష్యం. పాత మసీదును పడగొట్టి కొత్తది కట్టేముందు, పటం అందంగా రావాలని గోడలను వీధికి సరిచేసి గీస్తే ఆ సాక్ష్యం కట్టడంతోపాటే పోతుంది. కనుక పాత గోడల కోణాన్ని ముందుగా కొలిచి, ప్లానులో ఉత్తర దిక్కు గుర్తించి, ఆ పైనే ఎలివేషన్ గీయాలి.