ఇంగ్లండు ఇళ్లలో మూతపడిన గోడపొయ్యిలు

గది గోడలోనే గూడులా కట్టి, ఇంటికప్పు దాటి పోయే పొగగొట్టానికి కలిపిన పొయ్యిని ఇంగ్లండులో ఫైర్‌ప్లేస్ అంటారు. పాత ఇల్లు కొన్నవారు గోడను తట్టి, డొల్లగా మోగిన చోట పలక ఊడదీస్తే, దాని వెనుక 1930ల నాటి లేతరంగు పింగాణీ బిళ్లల పొయ్యి, దానికీ వెనుక విక్టోరియా రాణి కాలపు పోత ఇనుప చట్రం, అన్నింటికన్నా లోపల ఓకు దూలం మోసే వెడల్పాటి గూడు ఒకదాని వెనుక ఒకటి బయటపడటం కద్దు. కట్టెల స్థానంలోకి బొగ్గు వచ్చిన కొద్దీ గూడు ఇరుకైంది. పక్కగోడలను ఏటవాలుగా, పొగ పోయే కంఠాన్ని సన్నగా కడితే వేడి గదిలోకి మళ్లుతుందని శాస్త్రవేత్త కౌంట్ రమ్‌ఫర్డ్ 1796లో ప్రకటించాక ఆ మార్పు మరింత ఊపందుకుంది. కనుక పొయ్యిని అసలు రూపానికి తెస్తున్నామనే మాట అంత సూటిదేమీ కాదు. ఏ తరం రూపం అన్నది ముందు తేలాలి.

పొయ్యిని మూయడం కూడా కొత్త సంగతి కాదు. రెండవ ఛార్లెస్ ప్రభుత్వం 1662లో ఒక్కో పొయ్యికి ఏడాదికి 2 షిల్లింగుల చొప్పున పన్ను విధించి, లెక్కించడానికి అధికారులను ఇళ్లలోకే పంపగా, కొందరు ఇటుకలతో పొయ్యిలు పూడ్చేశారు. అలా పూడ్చినవారు పట్టుబడితే రెట్టింపు కట్టాలని 1664లో మరో చట్టం వచ్చింది. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని చర్చిల్ గ్రామంలో పన్ను తప్పించుకోవడానికి పొరుగింటి పొగగొట్టంలోకి గోడ తొలిచిన రొట్టెల వ్యాపారి వల్లే 1684లో ఊరికి నిప్పంటుకుందని చెబుతారు. జనం అసహ్యించుకున్న ఈ పన్ను 1689లో రద్దయింది.

ఇప్పుడు తెరుస్తున్న పొయ్యిలలో ఎక్కువ భాగం మాత్రం ఇరవయ్యో శతాబ్దంలో మూతపడినవే. 1952 డిసెంబరు 5 నుంచి 9 వరకు లండన్‌ను కమ్మేసిన బొగ్గుపొగ మంచుకు 4,000 మంది బలయ్యారని అప్పట్లో లెక్కగట్టగా, తరువాతి పరిశోధకులు ఆ సంఖ్యను 12,000 దాకా తీసుకెళ్లారు. ఆ విషాదం నుంచి పుట్టిన 1956 నాటి స్వచ్ఛ వాయు చట్టం పొగ నియంత్రణ ప్రాంతాలను ఏర్పరచింది. 1967 నుంచి పదేళ్లలో ఉత్తర సముద్రపు సహజవాయువు ఇంటింటికీ చేరి, వేడినీటి గొట్టాలతో ఇల్లంతా వెచ్చబరిచే పద్ధతి వ్యాపించాక, పొయ్యి మీద పలక కొట్టి రంగు వేయడం ఆధునికత అనిపించుకుంది. గాలి ఆడే జాలీ అమర్చకుండా మూసిన చోట్ల, పైనుంచి దిగిన వాననీరు పాత మసితో కలిసి గోడకాగితం మీద గోధుమరంగు మరకలై తేలింది.

తెరిచిన పొయ్యిని మళ్లీ వెలిగించాలంటే పొగగొట్టంలో జాక్‌డా కాకులు పేర్చిన పుల్లలను తీయించి, మసి దులిపించి, పొగ వదిలి గోడలో పగుళ్లేమైనా ఉన్నాయేమో పరీక్షించి, అవసరమైతే లోపల ఉక్కు గొట్టం దించాలి. అంతా చేసినా, పొగ నియంత్రణ ప్రాంతంలోని ఇంట ఆ పొయ్యిలో కట్టెలు కాల్చడానికి వీల్లేదు, పొగరాని ఇంధనమే వాడాలి. అందుకే లండన్‌లో ఎంతో శ్రమపడి తెరిచిన గూళ్లు చాలావాటిలో ఇప్పుడు కొవ్వొత్తులో, పుస్తకాలో కనిపిస్తాయి.