జవాబు గడి వెనక కథ: 7 రాయాలా, 7.00 రాయాలా?

నూజివీడు అనగానే నోట్లో చిన్న రసాలు ఊరతాయి కదా. 2008 నుంచి ఆ ఊరికి ఇంకో గుర్తింపు కూడా ఉంది: ట్రిపుల్ ఐటీ. పదో తరగతి పూర్తయిన పల్లెటూరి పిల్లలకి ఆరేళ్ల కోర్సు చెప్పడానికి పెట్టిన ఆర్‌జీయూకేటీ క్యాంపస్ అది. మొదటి ఛాన్సలర్ రాజ్ రెడ్డి గారు. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో ట్యూరింగ్ అవార్డు అందుకున్నారు.

పిల్లల చేతికి ల్యాప్‌టాప్ ఇచ్చి చదువు చెప్పడం అక్కడి ఆలోచన. బాగానే ఉంది. మరి వేలమంది హోంవర్క్ ఎవరు దిద్దాలి?

ఈ ప్రశ్న పాతదే. 1938లో ఐబీఎం 805 అనే మెషిన్ వచ్చింది. దాని వెనక ఉన్నది రేనాల్డ్ జాన్సన్ అనే ఒక హైస్కూల్ టీచర్. పెన్సిల్ గీతలోంచి కరెంటు పారుతుంది, దాన్నిబట్టి మెషిన్ మార్కులు లెక్కపెడుతుంది. కానీ అది గీత ఎక్కడ పడిందో చూస్తుందే తప్ప, మనం చేసిన లెక్కని చదవలేదు. 1960లో ఇల్లినాయ్ యూనివర్సిటీలో ప్లేటో మొదలయ్యాక, విద్యార్థి టైప్ చేసిన జవాబుని కంప్యూటరే చూడటం సాధ్యమైంది.

1990ల మధ్యలో అమెరికాలోని రోచెస్టర్ యూనివర్సిటీలో మైకేల్ గేజ్, ఆర్నాల్డ్ పైజర్ అనే ఇద్దరు లెక్కల ప్రొఫెసర్లు వెబ్‌వర్క్ తయారుచేశారు. ఒకే లెక్క, కానీ ఒక్కొక్కరికీ వేరే అంకెలు. పక్కవాడి జవాబు కాపీ కొడితే పనికిరాదన్నమాట!

అసలు కిటుకు ఖాళీ గడిలో ఉంది. ప్రతి గడికీ టీచర్ రెండు విషయాలు కోడ్ చెయ్యాలి: గడి ఎక్కడ రావాలి, అందులో ఏం రాస్తే ఒప్పుకోవాలి. 20 కిలోల మామిడిపళ్లు ముగ్గురికి సమానంగా పంచాం అనుకోండి. ఒకరు 20/3 అంటారు, ఇంకొకరు 6.67 అంటారు. రెండూ కరెక్టే. అందుకే వెబ్‌వర్క్‌లో మామూలుగా 0.1 శాతం తేడా వరకు ఒప్పుకుంటారు. 6.67 పాస్, 6.7 ఫెయిల్.

ఫార్ములా అయితే? x బదులు కొన్ని అంకెలు పెట్టి, రెండు వైపులా ఒకే విలువ వస్తుందా అని చూస్తుంది. ఇక్కడే ఓ చిక్కుంది. "విస్తరించండి" అని అడిగితే, ప్రశ్ననే తిరిగి టైప్ చేసినా విలువ సమానమే! దాన్ని ఆపడానికి మళ్లీ వేరే కోడ్ రాయాలి.

ఇదంతా చిన్న విషయం అనిపిస్తోందా? 2018లో జేఈఈ అడ్వాన్స్‌డ్ మొదటిసారి పూర్తిగా కంప్యూటర్‌లో జరిగింది. జవాబు రెండు దశాంశాల వరకు రాయమని సూచన, ఉదాహరణల్లో 7.00 కూడా ఉంది. మరి ఉత్త 7 అని కొట్టినవాళ్ల సంగతేంటి? గొడవ మద్రాస్ హైకోర్టు దాకా వెళ్లింది. రెండు సున్నాల మీద సీటు ఆధారపడిందంటే ఆ పిల్లల టెన్షన్ ఊహించుకోండి.

కాబట్టి స్క్రీన్ మీద ఎర్ర గుర్తు కనపడగానే "నాకు లెక్కలు రావు" అనుకోకండి. ఆ గడి వెనక నియమం రాసింది మనలాంటి మనిషే. ముందు సూచనలు చదవండి, లెక్క ఇంకోసారి చూసుకోండి, అప్పటికీ కరెక్టే అనిపిస్తే ధైర్యంగా మాస్టారిని అడగండి. రసం తియ్యగా ఉందో లేదో తొక్క చూసి చెప్పలేం కదా! మళ్లీ కలుద్దాం.