బెంచ్‌మార్క్

హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో కటాఫ్ మార్కుల గురించి, నారాయణగూడ కాలేజీ ల్యాబుల్లో ప్రోగ్రామ్ వేగం గురించి మాట్లాడేటప్పుడు వినిపించే మాట బెంచ్‌మార్క్. ఇందులోని బెంచీ కూర్చునేది కాదు. సర్వేయర్లు రాతి మీద ఉలితో అడ్డగాడి చెక్కి, అందులో ఇనుప బద్దను ఆనించి, దానిపై కొలత కర్రను నిలబెట్టేవారు. ఆ బద్దే బెంచీ. ఎన్నేళ్లకు వచ్చినా కర్ర అదే ఎత్తులో నిలుస్తుంది. ఇలాంటి ఎత్తులను సముద్ర మట్టం నుంచి లెక్కిస్తారు; మన దేశంలో 1909 నాటి లెక్కకు ఆధారమైన తొమ్మిది రేవుల్లో విశాఖపట్నం ఒకటి.

కంప్యూటర్లలో ఈ మాట వేగం పోల్చడానికి అందరూ నడిపే ప్రోగ్రామ్‌కు పేరైంది. అసలు ప్రశ్న ఇక్కడే ఉంది: ఆ ప్రోగ్రామ్ ఎలాంటిది? ఆబ్జెక్టుల భాష అయిన జావాలో రాసినా, అంతా ఒకే క్లాసులో లూపులుగా కుక్కేస్తే ఆబ్జెక్టుల పద్ధతికి అది పరీక్షే కాదు. దీన్ని తేల్చడానికి క్లాసుల తీరును అంచనా వేయడానికి 1994లో చిదంబర్, కెమెరర్ ప్రచురించిన ఆరు కొలతలు పనికొస్తాయి. వాటిలో ఒకటి వారసత్వపు లోతు. 'వాహనం' అనే క్లాసు నుంచి 'కారు', దాని నుంచి 'టాక్సీ' పుడితే, వాహనమే మూలమైనప్పుడు టాక్సీ లోతు రెండు. 2006లో జావా బెంచ్‌మార్కులు తయారుచేసిన డకాపో బృందం ఈ కొలతలతోనే తమ ప్రోగ్రాములను స్పెక్ అనే పాత బెంచ్‌మార్క్ ప్రోగ్రాములతో పోల్చింది. క్లాసుల అల్లిక డకాపోలోనే చిక్కగా ఉందని తేలింది.

తెలుగులో బెంచ్‌మార్క్‌ను గీటురాయి అంటుంటారు. నాకది సరిపోదనిపిస్తుంది. గీటురాయి బంగారం నాణ్యత చెబుతుంది, బెంచ్‌మార్క్ ఎత్తు చెబుతుంది. 'కొలగుర్తు' అంటే దగ్గరగా ఉంటుంది.